మా తోడల్లుడి బ్యాటరీ, నా కడుపుమంట

ముందే చెబుతున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. దారిలో పిల్లి ఎదురైతే ఇంటికొచ్చేసరికి అది చిరుతపులి అవుతుంది, భోజనాలు ముగిసేసరికి దానికి పిల్లలు కూడా పుడతాయి. మా ఆవిడ సుభద్ర నేను చెప్పే ప్రతి మాటనీ సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, మిగిలిందాన్ని చుట్టాల ముందు కొట్టిపారేస్తుంది. మీరూ అలాగే చదువుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ దసరా సంగతిని ఎంత తగ్గించినా తగ్గనిది ఒకటుంది. నరసరావుపేట ఊరి చివర, పత్తి నుంచి గింజ తీసే మా జిన్నింగు మిల్లు ఆవరణలో, బంధువుల ఎదుట, పురోహితుడు మంత్రం చదువుతుండగా, నేను ఫోర్క్‌లిఫ్ట్‌తో సహా గాల్లోకి లేచాను.

ఇది మొన్నమొన్నటి సంగతే. అయితే అప్పటికి నాకింకా బుద్ధి రాలేదు కాబట్టి చిన్నతనపు జ్ఞాపకం కిందే లెక్క. తల నెరిసింది కదా అంటారేమో. నెరిసింది జుట్టు.

ఫోర్క్‌లిఫ్ట్ అంటే తెలియనివాళ్లకి ఒక మాట. ముందు రెండు ఇనుప కొమ్ములు, వెనక బాలింత గేదెలాంటి శరీరం, మధ్యలో ఒక సీటు. నొక్కి కట్టిన పత్తి బేళ్లను కొమ్ముల మీద పెట్టుకుని లారీలోకి ఎత్తుతుంది. మాది కరెంటుతో నడిచే పాత బండి. దాని కడుపులో సీసం బ్యాటరీ. అది బ్యాటరీ కాదండీ, పండక్కొచ్చి కదలని వియ్యంకుడు. పని చేసినంతసేపు ఛార్జింగ్ తింటుంది, తిన్నంతసేపు వేడి తగ్గడానికి పడుకుంటుంది, లేచాక నీళ్లడుగుతుంది. పైగా యాసిడ్ తేన్పులు. దాన్ని నడిపే మస్తాన్ లుంగీలన్నీ ఆ యాసిడ్‌కి జల్లెళ్లయ్యాయి. ఎండలో నిలబడితే వాడి కాళ్ల మీద చుక్కల ముగ్గు పడుతుంది.

అయినా నేనెప్పుడూ బాధపడలేదు. లోకంలో అందరికీ అదే బ్యాటరీ అయినప్పుడు బాధెందుకు? మా తోడల్లుడు ప్రసాదు లిథియం బ్యాటరీ బండి కొనేదాకా నేను చాలా తృప్తిగల మనిషిని.

ప్రసాదు సుభద్ర చెల్లెలి భర్త. మాకు ఎదురుగా, రోడ్డుకి అవతల పక్క వాడి జిన్నింగు మిల్లు. వయసు నాకంటే చిన్న, ఒళ్లు నాకంటే పెద్ద, మిల్లు రెంటికంటే పెద్ద. ఇవన్నీ భరించవచ్చు. మనిషి మంచివాడు కావడమే వాడు నాకు చేసిన అసలు అన్యాయం. చెడ్డవాడి మీద అసూయపడితే దానికి ధర్మాగ్రహమనే పేరైనా ఉంటుంది. మంచివాడి మీద పడితే అది ఉత్త అసూయగానే మిగిలిపోతుంది.

కొత్త బండి చూడ్డానికి పిలిచాడు. వెళ్లాను. శవం దగ్గరికి వెళ్లినంత మర్యాదగా చేతులు కట్టుకుని దాని చుట్టూ తిరిగాను. ఛార్జింగ్ ఎప్పుడు పెడతావని అడిగాను.

"టీ తాగేటప్పుడు పెడతన్నా అన్నయ్యా. మనం తాగేలోపు అది కూడా తాగేసుద్ది."

"మరి నీళ్లు?"

"నీళ్లెందుకన్నయ్యా దానికి?"

ఆ 'ఎందుకన్నయ్యా'లో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే ఎంత బాగుండేది. బ్యాటరీ మూత తీయించి లోపలికి తొంగిచూశాను. నల్లగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన పెట్టెలా ఒకటే పెట్టె. ఇంకేమీ లేదు. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ రెంటచింతలలో కాస్తుందంటారు. ఆ రోజు మాత్రం అది రెంటచింతలలో లేదు, నా కడుపులో ఉంది.

ఇంటికొస్తే సుభద్ర ఆ మంటలో కిరోసిన్ పోసింది. చెల్లెలు ఫోన్ చేసిందట. ప్రసాదు ఈ మధ్య పెందలాడే ఇంటికొస్తున్నాడట, బండి ఎక్కడా ఆగడం లేదట. "మీరు మాత్రం ఆ బ్యాటరీకి నీళ్లు పోసుకుంటా కూర్చోండి, తులసమ్మకి పోసినట్టు" అంది.

ఇదంతా వట్టి కడుపుమంటే అయితే మజ్జిగతో చల్లారేది. కానీ అసలు ముడి వేరే చోట ఉంది. మా మామగారిది వెల్దుర్తి. మెట్ట చేలల్లో రాళ్లు ఏరి పత్తి పండించి, ఏరిన రాళ్లతోనే ప్రహరీ కట్టుకున్న మనిషి. ఆయనకి కొడుకుల్లేరు, ఇద్దరు కూతుళ్లు, అల్లుళ్లం మేమిద్దరం. ఆయన మాచర్ల రోడ్డులో కొత్తగా ఒక జిన్నింగు షెడ్డు కట్టించారు. దాన్ని ఇద్దరిలో ఒకరికే అప్పగిస్తానన్నారు. రెండు చేతులు పడితే పత్తి గింజ కూడా సరిగ్గా ఊడదని ఆయన సిద్ధాంతం. దసరా నాడు మా మిల్లులో యంత్రాల పూజకొచ్చి, అందరి ముందూ పేరు చెబుతానన్నారు. పెద్దల్లుణ్ణి నేను. ఆ షెడ్డు నాదేనని నా లెక్క. ఇప్పుడు దాని గుమ్మంలో ప్రసాదు బ్యాటరీ వచ్చి కూర్చుంది.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్క నాకంటే తెలివైనది, తన ఒంటికే పెట్టుకుంది. నేను బండికి పెట్టాను. కొత్త బండి కొనే తాహతు లేదు కాబట్టి పాత బండిలోంచి సీసం బ్యాటరీ పీకించి, ఆ ఖాళీలో లిథియం బ్యాటరీ బిగించడానికి విజయవాడ నుంచి ఒక మెకానిక్కుని రప్పించాను. నల్ల కళ్లద్దాలు, చెవిలో ఫోను, మాట్లాడేది మనతోనో ఫోనుతోనో తెలియదు. అతను వ్యాను దిగి ముందు నల్లటి పెట్టె దించాడు. ముద్దొచ్చింది. ప్రసాదుగాడి దానికంటే నున్నగా ఉంది. ఆ తర్వాత వ్యానులోంచి ఇనుప దిమ్మలు దించడం మొదలుపెట్టాడు. ఒకటి, ఇంకొకటి, మరొకటి, దించుతూనే ఉన్నాడు.

"ఇయ్యేంది?" అన్నాను.

"బరువుకి సార్. లిథియం తేలిక గదా. బ్యాటరీ పక్కన ఇయి కూడా పెడితే పాతదాంతో సమానంగా తూగుద్ది."

ఇక్కడ మీరు నా వృత్తిని ఒకసారి తలుచుకోవాలి. నేను పుట్టినప్పటినుంచీ పత్తి తూకంలో ఉన్నవాణ్ణి. గోనె బోరేల అడుగున నీళ్లు చల్లిన పత్తి, మధ్యలో తడిగుడ్డ, మూలన నాపరాతి ముక్క, ఇలాంటివి పట్టుకోవడమే నా చదువు, నా ఉద్యోగం, నా సంగీతం. మోచేతి దాకా పత్తిలోకి చెయ్యి పోనిస్తే, ఆ నీళ్లు బావివో కాలవవో చెప్పేస్తాను. అలాంటి నా ఎదురుగా నిలబడి, నా ఆవరణలో, తూగడానికి బరువు కలుపుతామని ఒక మనిషి పట్టపగలు, కళ్లద్దాలు కూడా తియ్యకుండా చెబుతున్నాడు. దొంగలు కూడా ఇంత నిజాయితీగా ఉండరు.

"నేనడిగింది లిథియమా, ఇనుమా?"

"రెండూ కావాల సార్. ముందు బేళ్లుంటయ్, ఎనక బ్యాటరీ ఉంటది. ఎనక బరువు తగ్గితే ముందుకి మొగ్గుద్ది. తక్కెడ లాంటిది సార్."

"తక్కెడ గురించి నాకు చెప్తన్నావా?"

అతను కళ్లద్దాలు తీశాడు. ఆ తర్వాత మా మధ్య జరిగిన వాదం చాలా పొడుగు, అందులో నా వంతు మరీ పొడుగు. సారాంశం ఇది. ప్రసాదు బండిలో నేను కళ్లారా చూశాను, అంతా లిథియమే, ఇనుపముక్క కూడా లేదు. తోడల్లుడికి అసలు సరుకు, నాకు కల్తీ సరుకా? అది కంపెనీలోనే లిథియం కోసం తయారైన బండి, దాని బరువు దాని ఒంట్లోనే పోతపోసి ఉంటుంది అని అతనన్నాడు. వాక్యంలో 'దాని' అనేది ప్రసాదు బండి కాబట్టి నేను మిగతాది వినలేదు. అసూయకి చెవులుంటాయి గానీ, ఒక పక్కే వినపడుతుంది.

చివరికి అతను పెట్టె ఒక్కటే బిగించాడు. మాచర్లలో ఇంకో పనుంది, పండగెళ్లాక వచ్చి మాట్లాడతాను, ఈలోపు ఇనుము బిగించకుండా బరువు మాత్రం ఎత్తబాకండి అన్నాడు. నేను సరేనన్నాను. నోటితో.

మర్నాడే దసరా. ఇనుప దిమ్మలు ఊరికే పడి ఉండటం నా పొదుపు గుణానికి నచ్చలేదు. పొద్దున్నే గాలి లేచింది, షామియానా తెరచాపలా ఎగురుతోంది. ఆ దిమ్మలు తెప్పించి షామియానా తాళ్లకి కట్టించాను. అది ఎంత నిబ్బరంగా నిలబడిందంటే, తుపానొచ్చినా ఊరు కొట్టుకుపోవాలి గానీ అది కదలదు. చూశారా, ఇనుము ఎక్కడ వాడాలో నాకు తెలుసు అని మస్తాన్‌తో అన్నాను. వాడు అప్పుడే బండిని మా మిల్లు లోపలి నుంచి తెచ్చి ఆపాడు.

"సార్, ఎనక ఊగతంది. పడవెక్కినట్టుంది" అన్నాడు.

"లిథియమంటే అట్టానే ఉంటది. హుషారు" అన్నాను.

బండికి పసుపు రాశారు, బంతిపూల దండ వేశారు, నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పురోహితుడు బల్ల మీద అరటిపళ్లు, కొబ్బరికాయలు సర్ది మంత్రం అందుకున్నాడు. షామియానా కింద ముందు వరసలో మా మామగారు. ఆయన పక్కన ప్రసాదు, చేతిలో లడ్డు. ఎవరింటికొచ్చినా వాడికి ముందు లడ్డు ఎలా దొరుకుతుందో నాకిప్పటికీ తెలియదు.

వాళ్ల మిల్లులో కొత్త బండి పూజ రోజున ప్రసాదు తనే నడిపి, కొమ్ముల మీద రెండు బేళ్లు ఎత్తి చూపించాడు. కాబట్టి నేనూ నడపాలి, రెండుకంటే ఎక్కువ ఎత్తాలి. మస్తాన్‌ని సీటు దిగమన్నాను. పాత బండి ఎత్తగలిగినన్ని బేళ్లూ పెట్టించి, పైన ప్రసాదు కోసం ప్రత్యేకంగా ఇంకో రెండు పెట్టించాను. సుభద్ర దగ్గరికొచ్చి, ఇన్నెందుకండీ, మా నాన్న చూసేది బేళ్లు కాదు మనిషిని అంది. ఎంత నిజం చెప్పిందో ఆమెకే తెలియదు. ఇంకాసేపట్లో ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూడబోతున్నారు.

కొమ్ములు ఛాతీ ఎత్తుకి లేపి బండిని ముందుకి కదిపాను. ముందు చక్రాల కింద నిమ్మకాయలు రెండూ చితికాయి, వెనకవి చితక్కుండా పక్కకి దొర్లాయి. జనం చప్పట్లు కొట్టారు. పురోహితుడి బల్ల దగ్గర హుందాగా ఆపుదామని బ్రేకు నొక్కాను.

మొదట నాకర్థమైంది ఏమిటంటే, మామగారు పొట్టివాళ్లవుతున్నారు. తర్వాత పురోహితుడి నడినెత్తి కనిపించింది. ఆయన బట్టతల అంత విశాలమైనదని అంతకుముందు నాకు తెలియదు. ఆ తర్వాత మిల్లు ప్రహరీ అవతల ప్రసాదు మిల్లు రేకులు, దాని వెనక ఎవరివో మిరప చేలు, ఇంకాసేపాగితే కోటప్పకొండ కూడా కనిపించేదే. అప్పుడు తెలిసింది, మామగారు పొట్టివాళ్లవడం లేదు, నేను పొడుగవుతున్నాను. బండి వెనక భాగం నన్నెక్కించుకుని పైకి లేచింది, ముందున్న బేళ్లు వెళ్లి పూజ బల్ల మీద వాలాయి. అరటిపళ్లు జిన్నింగైపోయాయి. పురోహితుడు మంత్రం మధ్యలో ఆపకుండానే ఒక్క దూకు దూకి, మిగతాది ఆవరణ మూలనున్న తులసికోట వెనక నుంచి పూర్తి చేశాడు.

స్టీరింగు తిప్పాను. ఈ బండికి తిరిగేవి వెనక చక్రాలు. అవి గాల్లో అటూ ఇటూ తిరిగి జనానికి టాటా చెప్పాయి.

లడ్డు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు ప్రసాదు. వచ్చి, ఇంకేమీ ఆలోచించకుండా బండి వెనక భాగం పట్టుకుని వేలాడి, పైకెక్కి కూర్చున్నాడు. బండి నెమ్మదిగా, అణకువగా కిందికి దిగింది. బేళ్లు బల్ల మీద నుంచి లేచాయి. నేను మళ్లీ మామూలు ఎత్తుకొచ్చాను. జనం చప్పట్లు కొట్టారు. ఈసారి నాకు కాదు.

ప్రాణం నిలిచినందుకు సంతోషించాలి కదా. నాకు మాత్రం వెనక్కి తిరిగి చూస్తే, నా బండి మీద, నా పూజలో, మామగారి ఎదుట, వాడు కూర్చుని ఉండటం కనిపించింది.

"నువ్వు దిగరా. నేను చూసుకుంటా" అన్నాను.

మంచివాడని ముందే చెప్పాను కదా. దిగాడు. నేను మళ్లీ లేచాను. మళ్లీ బట్టతల, రేకులు, మిరప చేలు.

"ఎక్కరా" అన్నాను పై నుంచి.

ఎక్కాడు. దిగాను. సిగ్గు లేనివాడికి నవ్వే సింగారమంటారు గానీ నాకు నవ్వు రాలేదు. పక్కన హమాలీలు నా వంతు కూడా నవ్వుతున్నారు. మళ్లీ దిగమందామని నోరు తెరిచేసరికి సుభద్ర అడ్డొచ్చింది.

"ప్రసాదూ, ఆయన మాట ఇనబాకయ్యా. కూర్చో. లడ్డు తిను."

వాడు కూర్చుని లడ్డు తినసాగాడు. నేను ఆలోచించాను. వీడు దిగాలి, బండి లేవకూడదు. అంటే వీడికి బదులు బరువు కావాలి. బరువు ఎక్కడుంది? అప్పటికి గానీ ఆ మెకానిక్కు మాట నా రెండో చెవిలో దూరలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి హమాలీలకి కేకేశాను, ఆ ఇనుప దిమ్మలు విప్పుకొచ్చి వెనక పెట్టండి అని. ఆజ్ఞ అంటే వాళ్లకి ఎంత గౌరవమో ఆ ఒక్కసారే చూశాను. నలుగురూ నాలుగు వైపులా వెళ్లి ఒకేసారి తాళ్లు విప్పారు.

గాలి అప్పటిదాకా ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టుంది. షామియానా ఒక్కసారి నిండా ఊపిరి పీల్చుకుని, పైకెగిరి, తిరిగొచ్చి మా మామగారి మీద పడింది. ఆయన, ఆయన కుర్చీ, ముందు వరస బంధువులు అందరూ ఆ రంగురంగుల గుడ్డ కింద మాయమయ్యారు. గుడ్డ కింద ఒకచోట ఎత్తుగా, కోపంగా కదిలింది. ఆ ఎత్తులోంచి గొంతు వినపడింది.

"ఏందయ్యా ఇది? షెడ్డు ఎవరికియ్యాల్నో చెప్పకముందే కప్పేస్తన్నారు?"

ఆయన్ని బయటికి లాగేలోపు మస్తాన్ నా పక్కకొచ్చి, కొమ్ములు దించే లివర్ మీద నా చెయ్యి పెట్టి నొక్కించాడు. అది ఉందన్న సంగతే నేను మర్చిపోయాను. బేళ్లు నేల మీద కూర్చున్నాయి. పురోహితుడు తులసికోట వెనక నుంచి, వెనక చక్రాల నిమ్మకాయలు ఇంకా చితకలేదు, పూజ అసంపూర్తిగా ఆపితే అరిష్టమన్నాడు. అందుకని నేను ముందు, ప్రసాదు వెనక, ఊరేగింపు దేవుళ్లలా ఆ మిగిలిన రెండు నిమ్మకాయల మీద నుంచీ పోనిచ్చాం. బేళ్లు దించేశాక వాడు అక్కడ కూర్చోవాల్సిన అవసరం లేదు. అయినా ఎవరూ వాణ్ణి దిగమనలేదు. నేనూ అనలేదు.

మామగారు తల మీద దుమ్ము దులుపుకుని, ఆ దిమ్మలు చూసి, ఇవెందుకు బండిలో ఉండక తాళ్లకున్నాయని అడిగారు. అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ అంతకుముందే అంత ఎత్తు నుంచి అందరికీ కనిపించాక దాచడానికేముంటుంది? తూకం పెంచడానికి ఇనుము కలుపుతున్నారని అనుమానించానని, దొంగబరువని ఒప్పుకోలేదని చెప్పేశాను. ఆయన మీసం కింద ఏదో కదిలింది, బయటికి రాలేదు.

"షెడ్డు ప్రసాదుకిస్తన్నా" అన్నారు.

అంతే. నా కాళ్ల కింద ఈసారి బండి లేదు గానీ, మళ్లీ లేచినట్టే అయింది.

"నువ్వు మాత్రం యాడికీ పోబాక. అక్కడ కాటా కాడ కూర్చోవాల్సింది నువ్వే. సొంత బండికి పెట్టే ఇనుమునే దొంగబరువన్నోడివి. నీ కళ్లు గప్పి నీళ్ల పత్తి తేగలిగినోడు ఈ పల్నాట్లో ఇంకా పుట్టలా."

దాన్ని పొగడ్త అనాలో ఏమనాలో నాకు తెలియలేదు. సుభద్ర పొగడ్తేనంది. వాళ్ల నాన్న ఆమెని కూడా ఇంతవరకూ అంతగా పొగడలేదట.

కాబట్టి ఈ సీజనంతా నేను మాచర్ల రోడ్డులో మా తోడల్లుడి షెడ్డు ముందు కాటా దగ్గర కూర్చుంటున్నాను. మోచేతి దాకా పత్తిలో చెయ్యి పెడుతున్నాను, తిట్టాల్సినవాళ్లని తిడుతున్నాను. సాయంత్రం ప్రసాదు స్వయంగా టీ తెచ్చి ఇస్తాడు. పక్కనే వాడి బండి, దాని టీ అది తాగుతుంటుంది. ఆ రోజు వాడు పరుగెత్తుకొచ్చి వెనక కూర్చోకపోతే నేను ఆ బేళ్ల కింద ఆవకాయ ముక్కనయ్యేవాణ్ణి. అది తలుచుకున్నాక వాడి మీద నాకున్న అసూయ పత్తి గింజలా ఊడిపోయింది. ఇప్పుడు మనసు దూదిలా తెల్లగా, తేలిగ్గా ఉంది.

పంచభూతాల సాక్షిగా, సీసం సాక్షిగా, లిథియం సాక్షిగా, తులసికోట వెనక నిలబడిన పురోహితుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరు ఏ బండిలో ఇనుము పెడతానన్నా వద్దనను. పెట్టినవాడికి మజ్జిగిచ్చి, దణ్ణం పెట్టి, ఇంకో దిమ్మ ఉందా నాయనా అని అడుగుతాను.

ఇక నేను పెంచి చెప్పిన భాగమేదో చెప్పి సెలవు తీసుకోవాలి. గాల్లోకి లేవడం నిజం, ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. షామియానా నిజం. బట్టతల నిజం. లడ్డు కూడా నిజమే. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, అసూయ ఊడిపోయిందన్న మాట. నిన్న ప్రసాదు షెడ్డు రేకుల మీద సోలార్ పలకలు బిగించాడు. ఎండ ఊరికే వస్తుంది గదన్నయ్యా అన్నాడు. రాత్రి నాకు అన్నం సయించలేదు.